కట్టు కట్టిన కబడ్డీ

వీరభద్రం కాలు మడతపడింది నిమ్మకాయ మీద. ఈ మాట చెప్పడానికి ఆయనకు చాలాకాలం నోరు రాలేదు కాబట్టి, మనమే ముందు చెప్పేసుకుంటే కథకు అడ్డం ఉండదు.

రెండువేల మూడులో ఆయన బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి అకౌంట్స్ మేనేజరు. సొంతూరు చీరాల. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అప్పుడప్పుడే లేస్తున్న అపార్టుమెంట్లలో ఒకదాని రెండో అంతస్తులో, భార్య బేబీతో కాపురం. ఆఫీసులో చుట్టూ కుర్రకారు. వాళ్ళు లిఫ్టు వదిలేసి మెట్లెక్కుతుంటే ఈయనా మెట్లే ఎక్కేవాడు. మధ్యలో ఎక్కడో సెల్‌ఫోన్ మోగినట్టు నటించి, గోడకానుకుని, అవతల ఎవరూ లేని ఫోనులో "చెప్పండి, చెప్పండి" అంటూ ఊపిరి కూడదీసుకునేవాడు. నలభై దాటాయని ఎవరికీ తెలియకూడదని ఆయన పట్టుదల. అందరికీ తెలుసు. తెలుసని ఆయనకూ తెలుసు.

ఏడాదికోసారి కంపెనీవాళ్ళు కుటుంబాలన్నిటినీ ఊరి బయట ఒక రిసార్టుకు తీసుకెళ్ళి ఆటలాడించేవారు. ఆ ఏడు పెళ్ళయిన మగవాళ్ళకు పెట్టింది చెంచాలో నిమ్మకాయ పరుగు. చెంచా పళ్ళతో పట్టుకోవాలి, నిమ్మకాయ పడకుండా అవతలి తాడు దాటాలి. వీరభద్రం ఎన్నడూ ఏ పందెంలోనూ ముందుండి ఎరగడు. ఆ రోజు మాత్రం ఎందుకో అందరికన్నా ముందున్నాడు. ముందున్నానని తెలియగానే ఆయనకు ఒక్కటే ఆశ పుట్టింది: ఇది బేబీ చూస్తోందా? తల తిప్పాడు. బేబీ మిరపకాయ బజ్జీల దగ్గర నిలబడి ఉంది. చెంచాలోంచి నిమ్మకాయ జారింది. దాని మీదే ఆయన కుడికాలు పడింది. చీలమండ లోపలికి మడతపడి పటుక్కుమంది. ఆయన రెండు దొర్లు దొర్లి తాడు కిందుగా అవతలికి వెళ్ళిపోయాడు. నవ్వించడానికే చేశాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. బేబీ బజ్జీ పట్టుకుని ఇటు తిరిగింది సరిగ్గా ఆ చప్పట్లకే.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకలు బాగానే ఉన్నాయన్నాడు. చీలమండ బయటి పక్కన ఒక ఎముకను ఇంకో ఎముకతో బిగించి ఉంచే నారలాంటి పట్టీ ఉంటుందట, లిగమెంటు. అది సగం చిరిగింది. కొన్నాళ్ళు విశ్రాంతి, తర్వాత ఫిజియోథెరపీ.

కర్ర పట్టుకుని ఆఫీసుకు వెళ్ళిన మొదటి రోజే బల్ల మీద ఒక చెంచా, దాంట్లో ఒక నిమ్మకాయ పెట్టి ఉన్నాయి. వీరభద్రం నవ్వాడు. మర్నాడు ఇంకోటి ఉంది. దానికీ నవ్వాడు. క్యాంటీన్‌లో వడ్డించేవాడు కూడా "సార్, లెమన్ రైస్?" అని అడిగినప్పుడు మాత్రం ఇక నవ్వు రాలేదు.

ఫిజియోథెరపిస్టు పేరు రియాజ్. నంద్యాల కుర్రాడు. లేఅవుట్ చివర అద్దెకు తీసుకున్న ఇంట్లో రెండు మంచాలు, ఒక పరదా, నాలుగు మిషన్లతో క్లినిక్ నడుపుతున్నాడు. ఎలా జరిగిందని అడిగితే వీరభద్రం, "ఆడుతుంటే మడతపడిందయ్యా" అన్నాడు. అది అబద్ధం కాదు.

"మీకు లేజర్ పెడదాం సార్," అన్నాడు రియాజ్.

లేజర్ అన్న మాట వినగానే వీరభద్రానికి గుండె కొంచెం పొంగింది. నిమ్మకాయ దెబ్బకు లేజర్ వైద్యం అంటే, దెబ్బకు ఒక హోదా వచ్చినట్టే. రియాజ్ ఆయనకు ముదురాకుపచ్చ కళ్ళద్దాలు పెట్టి, తానూ పెట్టుకుని, లావుపాటి పెన్నులాంటి దాన్ని చీలమండకు ఆనించాడు. ఎర్రటి చుక్క ఒకటి వెలిగింది. కాసేపటికి మిషన్ కీచుమంది. పెన్ను కొంచెం పక్కకు జరిగింది. మళ్ళీ కీచుమంది.

"మొదలెట్టారా?" అని అడిగాడు వీరభద్రం.

"అయిపోవచ్చింది సార్."

"ఏమీ తెలియలేదే?"

"తెలియదు సార్. ఇది కోసే లేజర్ కాదు, కాల్చే లేజర్ కాదు. చాలా తక్కువ పవర్. అసలు పనిచేసే వెలుగు కంటికి కూడా కనబడదు, ఆ ఎర్ర చుక్క మనకి గుర్తు కోసమే. కొంతమంది డాక్టర్లు దీన్ని నమ్మరు. వాపు, నొప్పి తగ్గడానికి హెల్ప్ చేస్తుందని నా ఎక్స్‌పీరియన్స్. మిగతా పనంతా మీ కాలు చేసుకోవాలి." అద్దాలు తీసి కొంచెం గట్టిగా చెప్పాడు. "ఒక్కటి గుర్తు పెట్టుకోండి సార్. నొప్పి ముందు పోతుంది. బలం ఎప్పుడో తర్వాత వస్తుంది. ఈ మధ్యలోనే అందరూ మళ్ళీ పడేది."

తర్వాత వ్యాయామాలు నేర్పాడు. వాటిలో ఆఖరుది, దెబ్బ తగిలిన ఒక్క కాలి మీదే నిలబడి కళ్ళు మూసుకోవడం. తూలకుండా నిలబడగలిగే దాకా పరుగు మాట ఎత్తకూడదు. వీరభద్రం కళ్ళు మూసుకుని, మరుక్షణమే రియాజ్ భుజం పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి బేబీకి లేజర్ గురించి కొంచెం రంగులద్ది చెప్పాడు. ఆవిడ అంతా విని, "అయితే టీవీ రిమోట్ పెట్టినట్టు పెట్టాడన్నమాట," అంది.

పక్క మంచం మీదికి స్పందన వచ్చింది ఆ తర్వాతి వారం. పీయూసీ, అంటే మన ఇంటర్, చదువుతోంది, ఖోఖో ఆడుతుంది. స్తంభం దగ్గర మలుపు తిరగబోయి ఆ పిల్ల కూడా సరిగ్గా అదే లిగమెంటు చింపుకుంది. దగ్గర్లోని అగరలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. తండ్రి ఆదినారాయణప్ప దొడ్డబళ్ళాపురంలో పట్టుచీరలు నేస్తాడు. వైద్యం ఉన్న రోజుల్లో మగ్గం ఆపి, బస్సులు మారి ఇంత దూరం వచ్చి కూతురి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. పరదా సగమే ఉండేది కాబట్టి మాటలు కలిశాయి.

"మీదీ తెలుగేనా అప్పా?" అని సంతోషపడ్డాడు ఆదినారాయణప్ప. "మాది తాతలనాటి నుంచి ఈడనే. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడ. మీకెట్లయింది సారూ కాలికి?"

ఇక్కడే వీరభద్రం చరిత్ర మలుపు తిరిగింది. కళ్ళకు ముదురాకుపచ్చ అద్దాలున్నాయి. వాటి వెనక మనిషి ఎవరైనా కావచ్చునని ఆయనకు తోచింది. పక్క మంచం మీద ట్రాక్ ప్యాంటు వేసుకున్న అసలు సిసలు క్రీడాకారిణి తన జవాబు కోసం చెవులు రిక్కించి ఉంది. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతి ఈ ఇద్దరికీ తెలియదు. ప్రపంచంలో నిమ్మకాయ లేని చోటు ఇదొక్కటే మిగిలింది.

"కబడ్డీ," అన్నాడు.

"ఈ వయసులోనా!" అంది స్పందన.

ఆ ఒక్క ఆశ్చర్యార్థకానికి వీరభద్రం పూర్తిగా లొంగిపోయాడు. "చిన్నప్పటి అలవాటమ్మా. మానలేం. యూనివర్సిటీకి ఆడినవాళ్ళం కదా."

యూనివర్సిటీకి ఆడింది ఆయన కాలేజీ జట్టు. ఆ జట్టుతో ఆయన ఊరూరూ తిరిగిన మాట నిజం. గీత బయట నిలబడి ఆటగాళ్ళ చొక్కాలు, గడియారాలు పట్టుకునేవాడు. కూతకు వెళ్ళే ముందు ఉంగరాలు కూడా ఆయనకే ఇచ్చి వెళ్ళేవారు, అంత నమ్మకస్తుడు. అలా మూడేళ్ళు చూసీ చూసీ ఆట మాటలన్నీ నోటికి వచ్చేశాయి. ఇప్పుడవన్నీ అక్కరకొచ్చాయి. ఒకసారి ఇద్దరిని తాకి గీత దాకా పాక్కుంటూ వచ్చిన కథ చెప్పాడు. అది వాళ్ళ జట్టులో వేరే ఎవరో చేసిన పని. ఆ సమయంలో వీరభద్రం అతని గడియారానికి కీ ఇస్తున్నాడు.

ప్రతి వైద్యానికీ ఒక మ్యాచ్ జరిగేది. రియాజ్ మిషన్ సర్దుకుంటూ వినేవాడు. ఆదినారాయణప్ప సంచిలో జామకాయలు తెచ్చి ఇచ్చేవాడు. "మా పాపకి ఆట గురించి మాట్లాడే పెద్దోళ్ళు ఇంట్లో ఎవరున్నారప్పా? నాకు మగ్గం తప్ప ఏం తెల్సు? మీరు దొరికినారు," అనేవాడు. ఆ మాటకు వీరభద్రం సిగ్గుపడాల్సింది. సిగ్గు వచ్చింది కూడా. అయితే జామకాయ బాగుంది.

కొన్ని వారాలకు ఇద్దరికీ నొప్పి పోయింది. వీరభద్రం కర్ర వదిలేశాడు. స్పందన మెట్లు గబగబా దిగుతోంది. ఒకరోజు రియాజ్ లోపలికి వెళ్ళినప్పుడు తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఆయన మంచం దగ్గరకు వచ్చారు.

"సారూ, వచ్చే ఆదివారం వర్తూరులో జిల్లా టీము సెలెక్షన్ ఉండాది," అన్నాడు ఆదినారాయణప్ప గొంతు తగ్గించి. "రియాజ్ సారేమో ఇప్పుడే వద్దంటాడు. పాపేమో నొప్పి లేదు, ఆడతానంటాది. ఏం చేసేది తెలియకుండా బేజారయిపోయింది. మీరు ఆటగాళ్ళు. మీరు చెప్పినట్ల చేస్తాం."

స్పందన కళ్ళు ఆయన మొహం మీదే ఉన్నాయి. "అస్సలు నొప్పి లేదు సార్. ఒక్క రోజు ఆడితే ఏమవుతాది?"

నాకు తెలియదు అనే మాట నాలుక మీదికి వచ్చింది. కానీ యూనివర్సిటీకి ఆడినవాడి నోట రావాల్సిన మాట కాదది. వీరభద్రం గొంతు సవరించుకున్నాడు. "మేమైతే కట్టు కట్టుకుని సెమీఫైనల్స్ ఆడాం. నొప్పికి భయపడేవాడు గీత దాటలేడమ్మా. నీ ఒళ్ళు ఆడమంటుంటే ఆడు."

పిల్ల మొహం వెలిగిపోయింది. ఆదినారాయణప్ప రెండు చేతులూ జోడించి, "ఆదివారం మీరూ రావల్ల సారూ," అన్నాడు. అక్కడ నిజమైన ఆటగాళ్ళు, కోచ్‌లు ఉంటారని గుర్తొచ్చి వీరభద్రం, ఆడిటింగ్ ఉందన్నాడు. ఆదివారం ఆడిటింగ్ ఏమిటని అడిగేంత లోకజ్ఞానం దొడ్డబళ్ళాపురం నేతగాడికి లేకపోవడం ఆయన అదృష్టం.

ఆదివారం పొద్దున బేబీ వంటింట్లో పెసరట్టు పోస్తోంది. వీరభద్రం లుంగీతో హాల్లో తిరుగుతున్నాడు. కాలు తేలిగ్గా ఉంది. ఇన్నాళ్ళుగా చెప్పిన మ్యాచ్‌లన్నీ నిజంగానే తాను ఆడినట్టు అనిపించడం మొదలై అప్పటికి కొంతకాలమైంది. సోఫా అవతలి జట్టు అనుకున్నాడు. లుంగీ పైకి మడిచి, నడుం వంచి, "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అని గొణుగుతూ తివాచీ అంచు దాటాడు. సోఫాను ఒక చేత్తో తాకి, యూనివర్సిటీ పద్ధతిలో గిర్రున వెనక్కి తిరిగాడు.

కాలు తిరగలేదు. ఒళ్ళు మాత్రమే తిరిగింది. చీలమండ పాత చోటనే మళ్ళీ మడతపడింది. ఆయన టీపాయ్ మీద పడి, దాని మీదున్న దినపత్రికతో సహా కిందికొచ్చాడు.

బేబీ అట్లకాడ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏం చేస్తున్నారండీ?"

కింద పడి ఉన్న వీరభద్రం అలాగే గోడకేసి చూస్తున్నాడు. నిన్నటిదాకా నొప్పి లేదు. ఈ క్షణం దాకా లేదు. హాల్లో ఒక్క మలుపుకే కాలు వదిలేసింది. ఆ పిల్ల మైదానంలో, పూర్తి వేగంతో, స్తంభం చుట్టూ తిరగబోతోంది. తిరగమని చెప్పింది తానే.

"బేబీ, స్కూటీ తియ్యి. వర్తూరు వెళ్ళాలి."

"వర్తూరా? ఆస్పత్రికి వెళ్ళాలి."

"ఒక పిల్లకి ఆడమని సలహా చెప్పాను. ఆడకూడదు. దార్లో చెప్తాను, పద."

"మీరా? ఆటల గురించా?" అంది బేబీ. అయినా ఆయన మొహం చూసి పొయ్యి ఆర్పేసింది.

రియాజ్ క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. స్పందన మేనత్త ఇంటి నంబరు తెలియదు. స్కూటీ మీద బేబీ వెనక, వాస్తున్న కాలు పక్కకు చాపి కూర్చున్నాడు వీరభద్రం. బెళ్ళందూరు చెరువు వాసన దగ్గర ఒకసారి, మారతహళ్ళి సిగ్నల్ దగ్గర ఒకసారి ఆ కాలు పక్క బండ్లవాళ్ళకు తగలబోయింది. దారిలో చెప్తానన్న మాట చెప్పలేదు. ప్రతి గుంతకూ మూలుగుతుంటే మాట్లాడటం కుదరదు కదా అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

వర్తూరులో చెరువు గట్టు పక్కన బడి మైదానం. సున్నపు గీతలు వేసి ఉన్నాయి. ఎంపిక ఇంకా మొదలవలేదు, అమ్మాయిలు గుంపులుగా ఒళ్ళు వేడెక్కించుకుంటున్నారు. స్పందన కాలికి సాగే కట్టు కట్టుకుని గెంతుతోంది. బేబీ భుజం మీద చెయ్యి వేసి కుంటుకుంటూ వస్తున్న ఆయన్ని చూసి తండ్రీ కూతుళ్ళిద్దరూ ఎదురొచ్చారు.

"వచ్చేసినారా సార్! ఆడిటింగ్ అన్నారే?"

"అమ్మా, నువ్వు ఇవాళ ఆడొద్దు."

స్పందన నవ్వు ఆగిపోయింది. "మీరే కదా సార్ ఆడమన్నారు?"

"అన్నాను. కానీ మా రోజులు వేరు. మా కోర్టు మట్టిది, మెత్తగా ఉండేది…"

పక్కనుంచి బేబీ, "ఏ రోజులండీ?" అంది.

ఆదినారాయణప్ప ఆవిడ వైపు గౌరవంగా తిరిగాడు. "అదే అమ్మా, సారు యూనివర్సిటీకి కబడ్డీ ఆడిన రోజులు."

"ఎవరు?" అంది బేబీ. నిజంగానే వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది.

వీరభద్రానికి ఇక దారి లేకపోయింది. చుట్టూ అమ్మాయిలు చేరారు. ఈలతో నిలబడ్డ ఎంపిక మేడమ్ కూడా ఇటే చూస్తోంది. ఆయనకు ఒకప్పుడు గీత బయట నిలబడినప్పటి సుఖం గుర్తొచ్చింది. ఎవరూ తన వైపు చూసేవారు కాదు.

"నేను కబడ్డీ ఆడలేదప్పా," అన్నాడు. "ఎప్పుడూ ఆడలేదు. ఆడేవాళ్ళ చొక్కాలు పట్టుకున్నాను. నా కాలు మడతపడింది కంపెనీవాళ్ళ నిమ్మకాయ పందెంలో. చెంచాలోంచి నిమ్మకాయ పడితే దాని మీద కాలేశాను. సెమీఫైనల్స్ లేవు, కట్టు కట్టుకుని ఆడిందీ లేదు. ఊరికే చెప్పాను."

ఎవరో అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆదినారాయణప్ప మాత్రం నవ్వలేదు. ఆయన మొహంలోకి చూడలేక వీరభద్రం చెరువు వైపు చూశాడు.

"నేను నమ్మను," అంది స్పందన. ఆ పిల్ల కోపంగా ఒక అడుగు ముందుకేసింది. "అప్పుడు చెప్పింది సుళ్ళు అయితే, ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మేది సార్? రియాజ్ సార్ ఫోన్ చేసి మిమ్మల్ని పంపించినారేమో."

అది న్యాయమైన ప్రశ్న. వీరభద్రం గడ్డిలో కూలబడి, చెప్పు విడిచి కాలు ముందుకు చాపాడు. చీలమండ బన్నులా పొంగి నీలంగా మెరుస్తోంది.

"నిన్న రాత్రి దాకా నీలాగే నాకూ నొప్పి లేదమ్మా. ఈ పొద్దున హాల్లో… సోఫాతో కబడ్డీ ఆడుతుంటే అయింది. ఇంతకన్నా సిగ్గుమాలిన అబద్ధం కావాలన్నా నేను అల్లలేను. నా మాట నమ్మొద్దు. రియాజ్ చెప్పినట్టు ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడు. నిలబడగలిగితే ఆడు. నేను వెళ్ళిపోతాను."

స్పందన మొండిగా అక్కడే కాలెత్తింది. కళ్ళు మూసుకుంది. కట్టు కట్టిన చీలమండ ఇటూ అటూ కొట్టుకుంది. చేతులు గాలిలో తిప్పింది, రెండో కాలు నేల మీద పడిపోయింది. "ఇంకోసారి," అంది. ఇంకోసారీ అంతే అయింది. మూడోసారి తండ్రి మీద పడబోతే ఆయన పట్టుకున్నాడు.

ఎంపిక మేడమ్ దగ్గరకొచ్చి, ఆ కాలు వంగి చూసి, కన్నడంలో ఏదో మెల్లిగా చెప్పి పిల్ల భుజం తట్టింది. వచ్చే ఏడు రమ్మని. స్పందన గీత పక్కన కూర్చుని మోకాళ్ళలో మొహం పెట్టుకుంది. కాసేపటికి ఈల మోగింది. మిగతా అమ్మాయిలు పరుగెత్తుతుంటే ఆ కాళ్ళ చప్పుడు వింటూ అలాగే కూర్చుంది.

పిల్లను కాపాడాననే తృప్తి ఏదైనా కలుగుతుందేమోనని వీరభద్రం ఒకటి రెండు నిమిషాలు ఎదురుచూశాడు. కలగలేదు. ఆశ పెట్టిందీ తానే, లాక్కున్నదీ తానే. మధ్యలో ఆ పిల్ల నమ్మడం తప్ప చేసిన తప్పేమీ లేదు.

ఆదినారాయణప్ప కూతురి కాలికట్టు విప్పి, జాగ్రత్తగా చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు మాట్లాడాడు. "సారూ, మీరు వచ్చినారు, మంచిదే. రాకుంటే ఏమయ్యేదో. కానీ ఇంక మీతో ఏం మాట్లాడేది నాకు తెలియకుండా ఉండాది. మీరు పొండప్పా. కాలు చూపించుకోండి."

తిరుగుదారిలో బేబీ గుంతలు తప్పించుకుంటూ నడిపింది. మారతహళ్ళి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "నేను ఆ రోజు చూశానండీ, మీరు ముందున్నప్పుడు," అంది.

"బజ్జీల దగ్గర ఉన్నావుగా."

"అంతకుముందు చూశాను. చూసే, గెలుస్తారు కదా, వచ్చాక ఇద్దాం అని బజ్జీ తీసుకోడానికి వెళ్ళాను."

వెనకాల బస్సువాడు హారన్ కొట్టాడు.

సోమవారం రియాజ్ కాలు చూసి పెద్దగా నిట్టూర్చాడు. ఆదినారాయణప్ప ఫోన్ చేసి అంతా చెప్పినట్టున్నాడు. "మా మిషన్‌లో పవర్ తక్కువ సార్," అన్నాడు అద్దాలు అందిస్తూ. "మీ మాటలో ఎక్కువ ఉంది. రెండూ ఒకే గదిలో పెట్టడం నాదే పొరపాటు."

వైద్యం మొదటికొచ్చింది. మళ్ళీ కర్ర, మళ్ళీ ఎర్ర చుక్క, మళ్ళీ ఏమీ తెలియకపోవడం. పక్క మంచం ఖాళీగా ఉండేది. స్పందన వేరే వేళకు మార్పించుకుందని రియాజ్ చెప్పాడు. ఆఫీసులో బల్ల మీద నిమ్మకాయ పెట్టడం కుర్రాళ్ళు ఎప్పుడో మానేశారు, వాళ్ళకు ఇంకేదో దొరికింది. వీరభద్రం మెట్లు మానేసి లిఫ్టెక్కడం మొదలుపెట్టాడు. అందులో కుర్రాళ్ళు కూడా చాలామందే ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఆయన గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉండగా పరదా పక్కకు జరిగింది. స్పందన. తండ్రి రాలేదు, ఒక్కతే వచ్చింది. ఆయన్ని చూసి వెనక్కి పోలేదు. కాసేపు చూసి, "గోడ పట్టుకుంటే లెక్క లేదు సార్," అంది.

వీరభద్రం గోడ వదిలేసి వెంటనే తూలాడు.

స్పందన పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, కాలెత్తింది. కొంగలా కదలకుండా నిలబడింది. చాలాసేపు అలాగే ఉండి, కళ్ళు తెరవకుండానే అడిగింది. "నిజంగా సోఫాతో ఆడినారా సార్?"

"ఆడానమ్మా."

"ఎవరు గెలిచినారు?"

"సోఫా."

ఆ పిల్ల పెదాలు బిగబట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. నవ్వుతో పాటు బ్యాలెన్స్ పోయి కాలు కిందపెట్టింది. "మీవల్ల పోయింది," అని విసుక్కుంది. ఆ రోజు నుంచి పాత వేళకే రావడం మొదలుపెట్టింది. ఆటల గురించి ఆయన మాట్లాడలేదు. ఆమె మాట్లాడితే విన్నాడు. వినడం మొదలుపెట్టాక, ఖోఖో గురించి తనకు ఎంత తెలియదో తెలిసింది. ఆదినారాయణప్ప చాలా వారాల తర్వాత వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. మొదట వాన గురించి, తర్వాత పట్టు ధర గురించి మాట్లాడాడు. జామకాయలు తేలేదు.

మరుసటి ఏడు స్పందన జిల్లా జట్టుకు ఎంపికైంది, పదకొండో పన్నెండో మనిషిగా. దొడ్డబళ్ళాపురంలో టోర్నమెంటు పెట్టినప్పుడు ఆదినారాయణప్పే ఫోన్ చేశాడు. "అమ్మగారిని కూడా పిలుచుకుని రాండప్పా. మా ఇంట్లో భోంచేద్దురు."

మైదానం చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. పక్క వీధిలోంచి మరమగ్గాల చప్పుడు వస్తోంది. వీరభద్రం, బేబీ తాటాకు పందిరి కింద నిలబడ్డారు. స్పందన రెండో సగంలో దిగింది. గట్టిగా పరుగెత్తింది, స్తంభం దగ్గర ఎంత వేగంగా మలుపు తిరిగిందంటే వీరభద్రం కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ పిల్ల అవతలి వైపు ఉంది, కాలు బాగానే ఉంది. ఆయన అరిచిన అరుపుకు ముందువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఇంకాసేపటికి ఆమె దొరికిపోయింది. జట్టు కూడా ఓడిపోయింది.

రొప్పుతూ, చెమటలు కక్కుతూ స్పందన వాళ్ళ దగ్గరకొచ్చింది. బేబీ ఇచ్చిన నీళ్ళు గడగడా తాగి ఆయన వైపు తిరిగింది. "ఎట్లుండింది సార్? ఆ చివర్లో ఎడమకి పోవాల్సిందా?"

వీరభద్రం నోటిదాకా నాలుగైదు మాటలు వచ్చాయి. ఒక్కొక్కటీ ఎంతో బాగున్నాయి. అన్నిటినీ మింగేశాడు.

"నాకు తెలియదమ్మా. మీ కోచ్‌ని అడుగు."

స్పందన తల ఊపి కోచ్ దగ్గరకు పరుగెత్తింది. ఆదినారాయణప్ప ఆయన చెయ్యి పట్టుకుని, "రాండి సారూ, రాగి ముద్ద చల్లారిపోతాది," అని ఇంటి వైపు నడిపించాడు.